ఐదు లక్షల పాత రివాల్వరా, లక్షన్నర కొత్తదా?

బెంగళూరు నుంచి ఒక పాఠకుడు రాసిన నాలుగు పేజీల ఉత్తరానికి ఇది సమాధానం. పేరు వెల్లడించవద్దని కోరారు. ఉత్తరంలోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆయన వయసు 47. సొంతూరు హిందూపురం వైపు. ఇరవై ఏళ్లుగా చిక్కపేటలో పట్టునూలు వ్యాపారం చేస్తున్నారు. శిడ్లఘట్ట నుంచి తెచ్చిన నూలును ధర్మవరం మగ్గాలకు అరువుకు ఇస్తారు. నెలకు రెండు మూడుసార్లు కారులో వెళ్లి బాకీలు వసూలు చేసుకుని రాత్రికి తిరిగి వస్తారు. నిరుడు అలా వస్తుండగా పెనుకొండ దాటిన తర్వాత రెండు మోటారు సైకిళ్లు కారుకు అడ్డం వచ్చాయి. డ్రైవరు ఆపకుండా పక్కనుంచి పోనివ్వడంతో బయటపడ్డారు. ఆ తర్వాత ఆయుధ లైసెన్సుకు దరఖాస్తు పెట్టారు. శిక్షణ, పోలీసు విచారణ అన్నీ పూర్తయి ఈమధ్యే లైసెన్సు చేతికి వచ్చింది. రివాల్వర్ గానీ పిస్తోలు గానీ ఒకటి కొనుక్కోవచ్చు. కొనడానికి గడువు అందులోనే రాసి ఉంది.

చిక్కు ఇక్కడ మొదలైంది. రాజాజీనగర్‌లో ఉండే మామగారి దగ్గర ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ కంపెనీ చేసిన పాత రివాల్వర్ ఒకటి ఉంది, పాయింట్ 32 బోరుది (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు). ఆయనకు 78 ఏళ్లు. బియ్యం మిల్లు నడిపే రోజుల్లో, 1976లో కొన్నారట. "బయట ఆరేడు లక్షలు పలుకుతుంది, అల్లుడివి కాబట్టి ఐదుకు ఇస్తాను" అన్నారు. అంతకంటే తగ్గించడానికి బావమరిది ఒప్పుకోవడం లేదు, అందులో తన వాటా కూడా ఉందంటున్నారు. ఆయుధాల డీలరేమో కాన్పూర్ కర్మాగారంలో తయారైన కొత్త రివాల్వర్ పన్నుతో కలిపి లక్షన్నర పైచిలుకుకు వస్తుందన్నాడు. ఒక స్నేహితుడు "చవక తుపాకిని నమ్ముకుంటే ప్రాణం పోతుంది" అని భయపెట్టాడు. భార్యకు రెండూ ఇష్టం లేదు. ఇంట్లో పదమూడేళ్ల కొడుకు ఉన్నాడు.

"ప్రాణం విషయంలో డబ్బుకు వెనకాడకూడదు కదా. నాణ్యమైనదే కొనమంటారా? ఆ తేడాకు తగ్గ విలువ నిజంగా ఉందా? వద్దంటే మామగారికి ఏమని చెప్పను?" అని అడిగారు.

మీరు అడిగిన ప్రశ్నల్లోకి వెళ్లేముందు ఒక పని చేయండి. లైసెన్సు తీసి, అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో రాసిన గడిని చూడండి. అక్కడ కర్ణాటక అని మాత్రమే ఉంటే, మీరు ఏ రివాల్వర్ కొన్నా అది కొడికొండ చెక్‌పోస్టు వరకే మీకు తోడు. పెనుకొండ, ధర్మవరం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. మీ మీద దాడికి ప్రయత్నం జరిగిన చోటు సరిహద్దుకు అవతల ఉంది. అనుమతి లేని రాష్ట్రంలోకి ఆయుధం తీసుకెళ్లడం నేరం. ఆత్మరక్షణ కోసమే తీసుకెళ్లానని చెప్పినా ఆ నేరం మాఫీ కాదు. మీ ఉత్తరం మొత్తంలో ఈ ప్రస్తావన ఎక్కడా కనిపించలేదు. డీలరు గానీ స్నేహితుడు గానీ మిమ్మల్ని ఈ మాట అడిగినట్టూ లేదు. పరిధి పెంచమని లైసెన్సు ఇచ్చిన పోలీసు కమిషనర్ కార్యాలయంలోనే దరఖాస్తు చేసుకోవచ్చు. మీ వ్యాపారం, బాకీల లెక్కలు, ఆ రాత్రి సంఘటనపై మీరు ఫిర్యాదు ఇచ్చి ఉంటే దాని నకలు జతచేయండి. ఈ సంగతి తేలే వరకు ఎవరికీ ఒక్క రూపాయి కూడా బయానా ఇవ్వకండి.

ఇప్పుడు ధర సంగతికి వద్దాం. ఐదు లక్షలది నాణ్యమైనది, లక్షన్నరది చవకది అని మీరు ముందే నిర్ణయించుకుని ఆ తర్వాత నన్ను అడుగుతున్నారు. మన దేశంలో ఆయుధాల ధరలు ఆ విధంగా ఏర్పడవు. సాధారణ లైసెన్సుదారులకు విదేశీ రివాల్వర్లు, పిస్తోళ్ల దిగుమతి గత శతాబ్దం ఎనభైలలోనే ఆగిపోయింది. పేరున్న క్రీడాకారులు తమ పోటీల కోసం తెప్పించుకునే ఆయుధాలకు వేరే నియమాలు ఉన్నాయి. మిగతావారికి దొరికేవి అంతకుముందు దేశంలోకి వచ్చిన పాతవి మాత్రమే. వాటి సంఖ్య ఇక పెరగదు, ఏటా కొన్ని పాడైపోతుంటాయి కూడా. కొనాలనుకునేవాళ్లు మాత్రం తగ్గడం లేదు. మీ మామగారు చెప్పే ఐదు లక్షలు ఆ కొరత వల్ల పుట్టిన ధర. ఈ రకం పాత పాయింట్ 32 రివాల్వర్లు అమెరికాలో కొన్ని వందల డాలర్లకు దొరుకుతాయి. ఇక్కడ దానికి ఉన్న ధర దాని ఉక్కుకూ పనితనానికీ కట్టిన వెల అనుకోవద్దు.

కొత్తదాని ధరలోనూ ఆయుధానికి సంబంధం లేని భాగం ఒకటి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రివాల్వర్లు, పిస్తోళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. డీలరు మీకు చెప్పిన మొత్తంలో చెప్పుకోదగ్గ వాటా పన్నుదే. కాబట్టి ఈ రెండు ధరలను పక్కపక్కన పెట్టి ఏది ఎన్ని రెట్లు మేలో లెక్కగట్టలేరు. ఒకదానిలో కొరత ఉంది, మరొకదానిలో పన్ను ఉంది. నూలు కొనేటప్పుడు మీరు ధర చీటీ చూసి నాణ్యత నిర్ణయించరు కదా. పోగు తెగుతుందేమో చూస్తారు, మందం ఒకే తీరుగా ఉందో లేదో చూస్తారు. ఇక్కడా అలాగే వస్తువును పట్టుకుని చూడాలి.

అయితే ఏం చూడాలి? ఆత్మరక్షణ కోసం కొనే రివాల్వర్‌కు ఉండవలసిన గుణాలు రెండే. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా పేలాలి. నొక్కనప్పుడు, కింద పడినా సరే, పేలకూడదు. ఈ రెండూ ఉన్నాక మీరు అదనంగా పెట్టే డబ్బంతా మెరుగుకు, పేరుకు, చరిత్రకు చెల్లిస్తున్నట్టే. అవి కోరుకోవడం తప్పు కాదు. కానీ వాటిని ప్రాణరక్షణ ఖాతాలో రాసుకోవద్దు. "ప్రాణం విషయంలో వెనకాడకూడదు" అన్న మాటను ఆయుధాలు అమ్మేవాళ్లూ, వాటిని చూసి మురిసిపోయేవాళ్లూ ఎక్కువగా వాడతారు. ఆ మాట వినగానే మనిషి బేరమాడడం మానేస్తాడు. మీరు మానేయకండి.

మామగారి రివాల్వర్‌ను ఈ రెండు గుణాల దృష్టితో పరిశీలించడం కష్టం కాదు. మరమ్మతులకు లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గరికి మామగారే తమ లైసెన్సుతో పాటు తీసుకెళ్లాలి. మీరు పక్కన ఉండండి. ముందుగా తూటాలేవీ లేవని సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) గదులన్నీ ఒక్కొక్కటిగా చూసి నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే సుత్తిని, పూర్తిగా వెనక్కి లాగినప్పుడు సిలిండర్ కదలకుండా బిగుసుకుంటుందో లేదో చూడమనండి. అటూఇటూ ఆడితే గది బ్యారెల్‌కు (గొట్టానికి) ఎదురుగా సరిగ్గా నిలవడం లేదని అర్థం. అలాంటప్పుడు గుండు అంచును రాసుకుంటూ వెళ్తుంది, సీసపు తునకలు పక్కకు చిమ్ముతాయి. వెనక్కి లాగి ఉంచిన హ్యామర్‌ను బొటనవేలితో గట్టిగా నెట్టినా జారకూడదు. జారితే లోపలి పట్టు అరిగిపోయినట్టే. బ్యారెల్‌లోకి దీపం వేసి చూస్తే గాడులు పదునుగా ఉన్నాయో, తుప్పు గుంటలు పడ్డాయో తెలుస్తుంది. వెబ్లీ రకం రివాల్వర్ మధ్యకు విరిచినట్టు తెరుచుకుంటుంది కనుక, ఆ కీలు దగ్గర, పైన కొక్కెం దగ్గర వదులు ఉందేమో ప్రత్యేకంగా పరీక్షించాలి. యాభై ఏళ్లు బీరువాలో పడి ఉన్న ఆయుధం పైకి కొత్తదానిలా కనిపించినా లోపలి స్ప్రింగులు అలసిపోయి ఉండవచ్చు. నంబరు మామగారి లైసెన్సులోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఆయన దగ్గర మిగిలిన పాత తూటాల గురించి ఆలోచించకండి. అవి ఎప్పటివో, ఏ తేమలో ఉన్నాయో చెప్పలేం. వాటిని డీలరుకు అప్పగించమనండి.

ఈ పరీక్షలన్నింటిలో నెగ్గినా ఒక చిక్కు మిగులుతుంది. దానికి విడిభాగాలు దొరకవు. ఒక స్ప్రింగు విరిగితే మళ్లీ చేత్తో చేసి అతికించగల పనివాడు కావాలి. అలాంటివాళ్లు అరుదైపోతున్నారు. ఇక అసలు ఇబ్బంది మీ మనసులోనే వస్తుంది. ఐదు లక్షలు పోసి కొన్న వస్తువును కాల్చడానికి చెయ్యి రాదు. అరిగిపోతుందేమో, గీత పడుతుందేమో అనిపిస్తుంది. సాధన చేయరు. సాధన లేని చేతిలో ప్రపంచంలోని ఏ రివాల్వర్ అయినా ఒకటే. మీకు ఆ వెబ్లీని కొనమని చెప్పడానికి నేను వెనుకాడుతున్న ముఖ్య కారణం ఇదే.

కొత్తదాని సంగతి కూడా పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే డీలరు చెప్పినవన్నీ నమ్మాలని కాదు. కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 2014లో 'నిర్భీక్' అనే టైటానియం మిశ్రమలోహపు రివాల్వర్ తెచ్చింది. బరువు 500 గ్రాములు, అప్పటి ధర సుమారు లక్షా ఇరవై రెండు వేలు. 2023లో కాన్పూర్ నుంచే 'ప్రబల్' వచ్చింది. దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బరువు 675 గ్రాములు. 50 మీటర్ల దూరం కొట్టగలదని ప్రచారం చేశారు. మీ అవసరానికి ఆ 50 మీటర్ల మాటకు విలువ లేదు. కారు అద్దం దగ్గరికి వచ్చిన మనిషి చేతికందే దూరంలో ఉంటాడు. 50 మీటర్ల అవతల ఉన్నవాడు మీకు ప్రాణాపాయం కలిగించబోయాడని తర్వాత నిరూపించడం కూడా చాలా కష్టం. ఆ గుణానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. పక్కకు తెరుచుకునే సిలిండర్ మాత్రం పనికొచ్చే మార్పు. ఫ్రేము ఒకే ముక్కగా ఉంటుంది కాబట్టి విరిచి తెరిచే రకంలోలా కీలు వదులవుతుందన్న బెంగ ఉండదు.

దేశీయ రివాల్వర్ల మీద యజమానులు తరచుగా చెప్పే ఫిర్యాదులు ఫినిషింగ్ గరుకుగా ఉండడం, ట్రిగ్గర్ బరువుగా ఉండడం. మొదటిదాన్ని పట్టించుకోనక్కరలేదు. రెండోదాన్ని పట్టించుకోండి. ట్రిగ్గర్ నొక్కడానికి వేలంతా బిగించవలసి వస్తే చెయ్యి కదులుతుంది, గురి తప్పుతుంది. దుకాణంలో ఒకే నమూనావి రెండు మూడు ఉంటే అన్నీ చేతిలోకి తీసుకుని, ఖాళీవని చూసుకుని, డీలరు అనుమతితో ట్రిగ్గర్ నొక్కి చూడండి. ఒక్కోదానికి ఒక్కో తీరు ఉంటుంది. మెత్తగా, ఎక్కడా తట్టుకోకుండా కదిలేదాన్ని ఎంచుకోండి. మీ అరచేతికి పిడి సరిపోతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. తేలికైనది మోయడానికి హాయి. కానీ తేలికైనకొద్దీ కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ ఎక్కువగా తెలుస్తుంది. నెలకు రెండుసార్లు కారులో తీసుకెళ్లే మీకు 175 గ్రాముల తేడా పెద్ద విషయం కాదు, కాబట్టి బరువైనదే చూడండి.

ఇంకో మాట. వెబ్లీ పేరుతో ఇప్పుడు మన దేశంలోనే, ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లా సండీలాలో కూడా రివాల్వర్లు తయారవుతున్నాయి. ఎవరైనా 'వెబ్లీ' అని చూపిస్తే అది ఎక్కడిది, ఏ సంవత్సరానిది అని అడగండి. పేరు ఒకటే అయినా ఆ రెండూ వేరువేరు వస్తువులు. దాన్ని కూడా పైన చెప్పిన పద్ధతిలోనే చూసి తీసుకోవచ్చు. నాకు అభ్యంతరం లేదు.

రివాల్వరా పిస్తోలా అన్న సందేహం మీకు వచ్చినట్టు లేదు. అయినా, తూటా పేలకపోతే రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి గది వస్తుంది. పిస్తోలులో అయితే రెండు చేతులతో సరిచేయాలి. తక్కువ సాధన ఉన్నవారికి రివాల్వరే తగినది. రెండింటినీ పాయింట్ 32 అంటారు గానీ వాటి తూటాలు వేరు, ఒకదానివి మరొకదానిలో వాడకూడదు. కొనేటప్పుడు పెట్టె మీద రాసింది చదవండి.

ఇప్పుడు ఐదు లక్షలు మీ దగ్గర ఉన్నాయనుకుందాం. కొత్త రివాల్వర్ కొన్నాక మూడు లక్షలకు పైగా మిగులుతాయి. నన్నడిగితే మీ ప్రాణానికి రక్షణ ఆ మిగిలిన డబ్బులో ఎక్కువగా ఉంది. గోడకు బిగించే ఉక్కు పెట్టె ఒకటి కొనండి. తూటాలకు వేరే తాళం పెట్టండి. ట్రిగ్గర్‌కు తాళం వేయండి. 2016 ఆయుధ నియమాలు సురక్షితంగా భద్రపరచడం గురించి దరఖాస్తులోనే హామీ తీసుకుంటాయి. మీరు సంతకం పెట్టింది దాని కిందే. తర్వాత సాధన. లైసెన్సు కోసం తీసుకున్న శిక్షణ కేవలం అక్షరాభ్యాసం. కర్ణాటక స్టేట్ రైఫిల్ అసోసియేషన్‌ను సంప్రదించండి. పోలీసు శాఖ పౌరులకు నడిపే బందూకు శిక్షణ శిబిరాల గురించి కూడా అడగండి. మీ లైసెన్సులో ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో రాసి ఉంటుంది. ఆ లెక్కలో సాధనకు వీలైనంత ఎక్కువ కేటాయించండి. కొత్త రివాల్వర్ నమ్మదగినదా కాదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. అది తడబడితే ధర్మవరం దారిలో కాకుండా సాధన చేసే రేంజిలోనే తడబడాలి.

ఇది చదివాక కూడా మీకు వెబ్లీ మీదే మనసు ఉంటే, అది మీ డబ్బు, మీ ఇష్టం. కానీ దాన్ని కుటుంబ వస్తువుగా కొంటున్నానని మీకు మీరే స్పష్టంగా చెప్పుకోండి. రేపు అమ్మితే అంత ధర వస్తుందన్న లెక్క మీద మాత్రం కొనకండి. కొనేవాడికి లైసెన్సు ఉండాలి, అందులో ఖాళీ ఉండాలి, అధికారుల అనుమతులు పూర్తవ్వాలి. మీకు అవసరమైన నెలలోనే అలాంటివాడు దొరుకుతాడన్న నమ్మకం లేదు. ఇప్పుడు కొత్తది కొని తర్వాత వెబ్లీ కూడా తీసుకుందామన్న ఆలోచన వస్తే, దానికి లైసెన్సులో రెండో ఆయుధాన్ని విడిగా చేర్పించుకోవాలి. ఆయుధాల చట్టానికి 2019లో జరిగిన సవరణ తర్వాత ఒక మనిషికి గరిష్ఠంగా రెండే.

అసలు ఏదీ కొనకపోవడం కూడా ఒక దారే. మీ భార్య చెబుతున్నది అదే. ఆమె మాటను మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. నేను దాటేయలేను. ఆ రాత్రి మిమ్మల్ని కాపాడింది డ్రైవరు బండి ఆపకపోవడం. మీ చేతిలో రివాల్వర్ ఉంటే మీరు ఆపమని చెప్పేవారేమో ఆలోచించండి. ఈ ప్రశ్నకు జవాబు నాకు కాదు, ఆమెకు చెప్పాలి. నేతగాళ్లు బ్యాంకు ఖాతాలో జమ చేసేలా చూస్తే, దానికి కొంచెం తగ్గింపు ఇస్తే, చేతిలో నగదు ఎంత తగ్గుతుంది? రాత్రి హిందూపురంలోనో ధర్మవరంలోనో ఆగి తెల్లవారాక బయలుదేరితే ఏడాదికి ఎంత ఖర్చవుతుంది? కారులో కెమెరా పెట్టించి, వసూళ్ల రోజున ఇంకొక నమ్మకమైన మనిషిని వెంట తీసుకెళితే? ఇవన్నీ రివాల్వర్ కొన్నా చేయవలసినవే. ఇవి చేశాక భయం ఎంత మిగిలిందో చూసుకుని అప్పుడు రివాల్వర్ అవసరమా అని నిర్ణయించుకోవచ్చు. లైసెన్సు వచ్చింది కదా అని కొనడం కంటే అది మంచి పద్ధతి. కష్టపడి తెచ్చుకున్న లైసెన్సు వృథా అవుతుందన్న బాధ ఉంటుంది, దాన్ని తేలికగా తీసేయడం లేదు. కానీ దాని కోసం తిరిగిన తిరుగుడు ఆయుధం కొనడానికి కారణం కాకూడదు.

కొంటే ఆ తర్వాత జీవితం కొంచెం మారుతుంది, అదీ చూసుకోండి. ప్రయాణంలో రివాల్వర్ కప్పి ఉన్న హోల్‌స్టర్‌లో (తుపాకి ఒరలో) మీ ఒంటి మీద, మీ అదుపులో ఉండాలి. కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టి భోజనానికి దిగకూడదు. నేతగాడి ఇంట్లో కూర్చుని లెక్కలు చూసేటప్పుడూ అది నడుముకే ఉంటుంది. అక్కడి పిల్లల మధ్య, అక్కడి మాటల మధ్య మీకు అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అధికారులు అడిగితే డిపాజిట్ చేయాలి, అన్ని వారాలు అది మీ దగ్గర ఉండదు. మీరు కాల్చవలసి వస్తే, భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి. ఆ హక్కుకు హద్దులు కూడా పెడతాయి. పేల్చిన ప్రతి తూటాకు విచారణలో సమాధానం చెప్పాలి. ఒక న్యాయవాదితో అరగంట కూర్చుని ఆ సెక్షన్లు చదివించుకోండి.

పిల్లవాడి దగ్గర రహస్యం పెట్టకండి. పదమూడేళ్ల వాడికి ఇంట్లో ఉక్కు పెట్టె ఎందుకు వచ్చిందో పది రోజుల్లో తెలిసిపోతుంది. మీరే చెప్పండి, అది ఏమిటో, ఎందుకు ముట్టుకోకూడదో. తాళం సంఖ్య మాత్రం మీకు తప్ప ఎవరికీ తెలియనివ్వకండి. లైసెన్సు మీ పేరున ఉంది, భార్య పేరున లేదు కాబట్టి ఆమెకూ ఆ సంఖ్య తెలియడం మంచిది కాదు. ఆ కారణాన్ని ఆమెకు విడమరిచి చెప్పకపోతే నమ్మలేదని నొచ్చుకుంటారు. పెట్టెలో తాళం వేసిన రివాల్వర్ ఇంట్లోకి దొంగ వచ్చినప్పుడు వెంటనే చేతికి రాదు. దాన్ని ఒప్పుకోండి. పిల్లవాడున్న ఇంట్లో దిండు కింద తుపాకి పెట్టుకోమని నేను ఎప్పటికీ చెప్పను.

మామగారి విషయం. మీరు ఆయన్ని ఆశపోతుగా చూస్తున్నట్టు ఉత్తరంలో ఒకటి రెండు చోట్ల అనిపించింది. నాకు అలా అనిపించలేదు. 78 ఏళ్ల వయసులో, మిల్లు నడిపిన రోజుల గౌరవానికి గుర్తుగా ఆయనకు మిగిలింది ఆ రివాల్వరే కావచ్చు. ఐదు లక్షలు అని చెప్పేటప్పుడు ఆయన తన హోదాకు వెల కడుతున్నారు. "అంత చేయదు మామయ్యగారూ" అని మీరు అంటే ఆయనకు రివాల్వర్ గురించి వినిపించదు, తన గురించి వినిపిస్తుంది. కాబట్టి ధర మీద వాదించకండి. "ఇది మీ దగ్గర ఉండవలసిన వస్తువు. నాకు రోజూ దుమ్ములో తిప్పడానికి, సాధనలో అరగదీయడానికి ఒకటి కావాలి. మీదాన్ని అలా వాడడానికి నాకు మనసొప్పదు" అని చెప్పండి. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. ఈ మాట భార్యతో చెప్పించకండి. తండ్రికీ తమ్ముడికీ మీకూ మధ్య ఆమెను నిలబెట్టవద్దు.

బావమరిది వాటా మాట ఎత్తారు కాబట్టి ఆయనకు కూడా ఒక దారి ఉంది. డెబ్భై ఏళ్లు నిండిన లైసెన్సుదారు, లేదా ఆయుధాన్ని పాతికేళ్లు ఉంచుకున్నవారు, తమ వారసుల్లో ఒకరి పేరు సూచిస్తే ఆ వారసుడికి లైసెన్సు ఇవ్వడాన్ని పరిశీలించేందుకు నియమాల్లో వీలు ఉంది. మామగారికి ఆ రెండు అర్హతలూ ఉన్నాయి. కొడుకు దరఖాస్తు చేసుకుంటే వెబ్లీ ఆ ఇంట్లోనే ఉంటుంది, డబ్బు ప్రసక్తి రాదు. కొడుక్కు ఆయుధం అక్కర్లేదంటే, ఐదు లక్షలు ఇచ్చే లైసెన్సుదారు ఎవరో వెతుక్కునే పని ఆయనదే అవుతుంది. అప్పుడు బయట నిజంగా ఎంత పలుకుతుందో కూడా తెలుస్తుంది. మామగారు "పోనీ ఊరికే తీసుకో" అన్నా తొందరపడి ఒప్పుకోకండి. ఉచితంగా తీసుకున్న ఐదు లక్షల వస్తువు బావమరిదితో మీ సంబంధంలో ఏళ్ల తరబడి నలుగుతుంది.

చివరగా తేదీల లెక్క చూడండి. లైసెన్సుదారు తన ఆయుధాన్ని మరొకరికి అమ్మినా ఇచ్చినా, అధికారులకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చిన తర్వాత 45 రోజులు ఆగాలి. మామగారి రివాల్వర్ తీసుకోవాలనుకుంటే ఈ 45 రోజులూ మీ కొనుగోలు గడువులో నుంచే పోతాయి. దానికి ముందు తనిఖీ, మీ ఇంట్లో చర్చ, మామగారూ బావమరిదీ ఒప్పుకోవడం, అన్నీ జరగాలి. గడువుకు మూడు నెలలకంటే తక్కువ మిగిలి ఉంటే వెబ్లీ ఆలోచనను ఈ వారమే పక్కన పెట్టి, మిగిలిన రెండు దారుల గురించి భార్యతో కూర్చోండి. ప్రాంత పరిధి దరఖాస్తును మాత్రం ఆమె ఏ నిర్ణయానికి వచ్చినా, రేపే పెట్టండి.